గ్లాసులో పన్ను

ఎక్స్‌రే మిషన్ నాలుగో అంతస్తులో ఉందనీ, రెండు లిఫ్టుల్లో ఒకటి పడుకుందనీ, కిందికి రావడానికి గంట పడుతుందనీ ఫోన్లో చెప్పారు. ఆ గంటసేపూ హెడ్ సిస్టర్ చెయ్యగలిగిందల్లా ఐసీయూలో ఏడో బెడ్ పక్కన నిలబడి, ఒక పన్ను ఎక్కడికి పోయి ఉంటుందా అని ఆలోచించడమే. పన్ను ఆమెది కాదు, ఏడో బెడ్ ఆయనది. గడియారాలు బాగుచేసే మనిషి. దుకాణంలో పై అరలోని గోడగడియారం దించబోయి, నిచ్చెన మీంచి గడియారంతో సహా కింద పడ్డాడు. ఆరు రోజులు నోట్లో గొట్టంతో, మిషన్ పోసే ఊపిరితో పడుకున్నాడు. ఇవాళ పన్నెండింటికి గొట్టం తీశారు. తనంతట తాను ఊపిరి తీసుకున్నాడు, డ్యూటీ డాక్టరు భుజం తట్టాడు, బయట కూర్చున్న చెల్లెలు ఏడ్చి ముక్కు చీదుకుంది, అంతా బాగానే ఉంది. ఒకటిన్నరకి నోరు శుభ్రం చెయ్యడానికి హెడ్ సిస్టర్ వంగి టార్చి వేసి చూస్తే కింది వరసలో ముందు పన్ను లేదు. ఉండాల్సిన చోట ఎర్రటి గుంట. మత్తు పూర్తిగా వదలని మనిషి నోట్లోంచి పన్ను పోవడానికి మూడే దారులున్నాయి: బయటికి, కడుపులోకి, ఊపిరితిత్తిలోకి. మొదటి రెండింటికీ ఫరవాలేదు. మూడో దారిన పోయిందంటే మాత్రం అక్కడే కూర్చుని చుట్టూ కుళ్లబెడుతుంది, ఆరు రోజులు కాచుకున్న మనిషిని ఏడో రోజు నుంచి మెల్లగా తినేస్తుంది. పన్ను అంటేనే తినేది కదా, లోపల ఉన్నా బయట ఉన్నా దానికి తెలిసిన పని అదొక్కటే.

నిన్న ఉంది ఆ పన్ను. ఉందని అందరికన్నా ఆమెకే బాగా తెలుసు, ఎందుకంటే నిన్న మధ్యాహ్నం స్పాంజి పుల్లతో చిగుళ్లు తుడుస్తుంటే అది కదిలింది. కొంచెం కాదు, గడియ పెట్టని కిటికీ తలుపు కదిలినట్టు ముందుకీ వెనక్కీ. పడ్డప్పుడు దెబ్బ తగిలి ఉంటుంది. కదిలే పన్ను కనిపిస్తే చార్టులో రాయాలి, డాక్టరుకి చెప్పాలి, దారంతో పక్క పన్నుకి కట్టించాలి. ఆమె నర్సింగ్ పిల్లలకి ఏటా చెప్పే పాఠమే అది. చార్టు తీసింది కూడా. పెన్ను మూత తీసింది. 'కింది ముందు పన్ను' అని రాయబోయి ఆగిపోయింది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఆమె నాలుక, ఎవరూ పంపకుండానే, మాస్కు వెనక తన కింది ముందు పన్ను దగ్గరికి వెళ్లి దాన్ని తోసింది, అదీ అలాగే ఊగింది. ఆయనకి దెబ్బ, ఆమెకి అశ్రద్ధ, ఊపు మాత్రం ఒకటే. ఇప్పుడు రాస్తే ఎవరి గురించి రాసినట్టు? అంతలో మూడో బెడ్ దగ్గర అలారం మోగింది, పెన్నుకి మూత పెట్టేసింది, ఆ తర్వాత డ్యూటీ అయిపోయింది. చార్టులో ఆ గడిలో 'నోటి శుభ్రత: అయింది' అని టిక్కు మాత్రం ఉంది. చక్కటి టిక్కు. ఆమె చేతిరాతని అందరూ మెచ్చుకుంటారు.

నోటి శుభ్రత గురించి ఆమెకి తెలియనిది లేదు. ఆస్పత్రిలో ఆమె పేరు పళ్ల మేడమ్. పాఠం చెప్పే గదిలో బీరువా నిండా ప్లాస్టర్ దవడలు ఉంటాయి, రెండు చేతులా ఎత్తాల్సినంత పెద్దవి, వాటికి చీపురంత బ్రష్షు. రెండు పూటలా, రెండేసి నిమిషాలు, చిగురు అంచున వాలుగా, పాచి గట్టిపడితే గార, గార ముదిరితే చిగురు జారడం, మూడు నెలలకి కొత్త బ్రష్షు, ఆర్నెల్లకోసారి పంటి డాక్టరు. పాఠం అయ్యాక దవడల్ని బీరువాలో పెడితే తలుపు పూర్తిగా పడదు, సందులోంచి అవి పళ్లికిలిస్తూ ఉంటాయి. ఒకసారి విసుగొచ్చి గోడవైపు తిప్పి పెట్టింది. మర్నాడు చూస్తే మళ్లీ ఇటువైపే ఉన్నాయి. ఊడ్చే ఆమెని అడిగితే, "నేనా బీరువా జోలికే పోనమ్మా, అవి చూస్తాయి," అంది. ఇంకోసారి తిప్పాలని హెడ్ సిస్టర్‌కి బుద్ధి పుట్టలేదు. పోయిన నెల దంత కళాశాల అమ్మాయిలు నలుగురు కాయితాలు పట్టుకుని వచ్చారు, ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లకి నోటి గురించి ఏం తెలుసు, ఏం చేస్తారు అని. తెలిసినవాటి కాయితంలో ఆమెకి నూటికి నూరు. చేసేవాటి కాయితం మీద పేరు రాయనక్కర్లేదన్నారు. పేరు రాయనక్కర్లేని కాయితం మీద కూడా ఆమె రెండు పూటలా, ఆర్నెల్లకోసారి అని అబద్ధమే రాసింది, ఎవరైనా భుజం మీంచి చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి మరీ రాసింది. ఫలితాలు నోటీసుబోర్డుకి అంటించారు: తెలిసినవాళ్లు నూటికి తొంభై ముగ్గురు, చేసేవాళ్లు ముప్పై ఎనిమిది మంది. ఆ రోజంతా సర్జన్ల నుంచి వంటగది దాకా ఒకరి నోటివంక ఒకరు దొంగచూపులు చూసుకున్నారు. ఆమె నోరు మాత్రం ఎవరికీ కనపడలేదు, మాస్కు ఉంది కదా. మాస్కు కనిపెట్టినవాడు రోగుల కోసమే కనిపెట్టాడని అందరూ అనుకుంటారు.

ఆఖరిసారి పంటి డాక్టరు కుర్చీలో కూర్చున్నప్పుడు కూతురు కడుపులో ఉంది. ఇప్పుడా పిల్ల డిగ్రీ రెండో సంవత్సరం. మధ్యలో ఎందుకు వెళ్లలేదంటే చెప్పడానికి కారణం లేదు. రోజుకి ముప్పైసార్లు ఎవరివో నోళ్లు తుడిచి ఇంటికొచ్చిన మనిషికి అద్దంలో ముప్పై ఒకటో నోరు కనిపిస్తే లైటు ఆర్పేయాలనిపిస్తుంది, అంతే. మొదట బ్రష్షు మీద ఎరుపు కనిపించింది, తర్వాత నిద్ర లేవగానే నోట్లో ఇనుము రుచి, ఆ తర్వాత ఆ రుచి లేని రోజు ఏదో వెలితిగా అనిపించేంత అలవాటు. వాళ్లాయన అడిగాడు ఒకరోజు, "ఈమధ్య నవ్వట్లేదేంటోయ్?" అని. "మీరు నవ్విస్తే కదా," అని అప్పగించేసింది నేరం. పాపం ఆ మనిషి వారం రోజులు జోకులు పోగేసుకొచ్చాడు. నొప్పి మొదలయ్యాక దానికీ ఉపాయం దొరికింది. గొట్టాలు వేసేటప్పుడు రాసే మొద్దుబార్చే జెల్లీ, సగం వాడి పారెయ్యాల్సిన ట్యూబు, ఆమె జేబులో ఉంటుంది. గంటన్నర, రెండు గంటలు దవడ ఉన్నట్టే తెలియదు. ఇవాళ ఒంటిగంటకి కాస్త ఎక్కువే రాసుకుంది. ఇప్పుడు కింది పెదవి, నాలుక సగం, చిగుళ్లు, అన్నీ ఆమె మొహం మీద వేరెవరో మరిచిపోయి వెళ్లిన సామానులా ఉన్నాయి.

"సక్షన్ సీసా కూడా వడగట్టాను మేడమ్, లేదు," అంది చిన్న సిస్టర్. ఉద్యోగంలో చేరి ఏడాది అయిన పిల్ల, మోకాళ్ల మీద దుమ్ముతో మంచం కిందనుంచి లేచింది.

"దిండు గలీబు?"

"విప్పి దులిపాను. నేలంతా పాకాను మేడమ్. నా పెళ్లి ఉంగరం పోయినా ఇంత వెతకను."

"నీకింకా పెళ్లి కాలేదు కదే."

"అదే, అయినా వెతకను అంటున్నా."

నవ్వు రావాల్సిన చోట రాలేదు, ఎందుకంటే ఏడో బెడ్ ఆయన మళ్లీ వేలు ఎత్తాడు. గొట్టం తీసినప్పటి నుంచి ఆయనకి గొంతు లేదు, ఊపిరి తప్ప మాట రావట్లేదు, కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి, అవి ఆమెనే చూస్తున్నాయి. ఒకటిన్నర నుంచి అదే వరస. కుడిచెయ్యి మెల్లగా లేస్తుంది, చూపుడువేలు బయటికొస్తుంది, సరిగ్గా ఆమె నోటి మీద ఆగుతుంది. మాస్కు మీద. ఆమె మంచానికి అటువైపు వెళ్తే వేలు అటు తిరుగుతుంది, పెద్దముల్లు తిరిగినట్టు, మధ్యమధ్య ఆగుతూ. "దాహమేమో మేడమ్," అంది చిన్న సిస్టర్. "పన్ను పోయిందని చెప్తున్నాడేమో." తన పన్ను గురించి చెప్పేవాడు తన నోరు చూపించుకుంటాడు గానీ పక్కవాళ్లది చూపించడు. మత్తు, అనుకుంది హెడ్ సిస్టర్, మత్తులో మనుషులు గోడలతో కూడా మాట్లాడతారు. ఒకటిన్నరకి కూడా మత్తులోనే ఉన్నాడు, నోరు తెరవమంటే తెరవలేదు. నోళ్లు శుభ్రం చేసేవాళ్లకి ఒక అలవాటుంటుంది, పసిపిల్లకి ముద్ద పెట్టే తల్లికీ ఉంటుంది, ఎదుటివాళ్లు తెరవాలని ముందు తమ నోరు తెరుస్తారు. మాస్కు గడ్డం కిందికి లాగి, ఆయన మొహం మీదికి వంగి, "ఇదిగో, ఇలా, ఆ... అనండి," అని తనే పెద్దగా నోరు తెరిచింది. అప్పుడు ఆయన తెరిచాడు. నోటితోపాటు కళ్లూ తెరిచాడు, చూడకూడనిదేదో చూసినవాడిలాగా. ఆమె టార్చి వేసింది, ఎర్రటి గుంట కనిపించింది, ఇక మిగతాదంతా మరిచిపోయింది.

ఆ వేలు చూడలేక గోడమీది గడియారం చూసింది. రెండు దాటి అయిదు నిమిషాలు. అమ్మ అన్నం తిని పడుకునే వేళ. అమ్మకి నలభై ఎనిమిదో ఏట ఒకేరోజు పళ్లన్నీ తీసేశారు, ఆ తర్వాత కట్టుడు పళ్లు, పడుకునేటప్పుడు వాటిని తీసి నీళ్ల గ్లాసులో వేసి తలదగ్గర పెట్టుకునేది. గాజు గ్లాసు, నీళ్లల్లో పళ్లు ఉన్నదానికన్నా పెద్దగా కనిపించేవి, కొంచెం తెరుచుకుని, ఏదో చెప్పబోతూ ఆగినట్టు. అమ్మ నోరు లోపలికి ముడుచుకుపోయి ఎవరో ముసలావిడ నోరయ్యేది, అమ్మ గ్లాసులో ఉండేది. ఒక మధ్యాహ్నం, తన పదేళ్ల వయసులో, అమ్మ నిద్రపోతుంటే వాటిని తీసి తన నోట్లో పెట్టుకుంది. చల్లగా, పెద్దగా, దవడలకి ఒరుసుకుంటూ, అమ్మ నోటి రుచితో. అద్దం ముందు నిలబడి పెదాలు కదిపితే పళ్లు ఒక క్షణం ఆలస్యంగా కదిలాయి, వాటికి వేరే ఆలోచన ఉన్నట్టు. వెనక తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. తిడుతుందనుకుంటే తిట్టలేదు. పళ్లు లేని నోటితో, గాలి కలిసిన గొంతుతో, "ఎందుకే తొందర? వస్తుందిలే నీ వంతూ," అంది, ఎంతో మామూలుగా, బస్సు గురించి చెప్పినట్టు. హెడ్ సిస్టర్‌కి వచ్చే నెల నలభై తొమ్మిదో ఏడు వస్తుంది. నలభై ఎనిమిదో ఏడింకా నెల మిగిలే ఉంది.

బయట బెంచీ మీద గడియారాలాయన చెల్లెలు సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పన్ను సంగతి చెప్పక తప్పదని హెడ్ సిస్టర్ వెళ్లింది. మాటలు నోట్లో మొద్దుగా దొర్లాయి.

"పన్నేగా సిస్టర్, పోతే పోయింది. మనిషి దక్కాడు, నాకదే చాలు," అంది ఆవిడ, ఆ వెంటనే నవ్వింది. "కానీ అన్నయ్యకి తెలిస్తే మాత్రం గోల చేస్తాడు. పళ్లంటే ప్రాణం. గడియారం చక్రాలు తోమే సన్న బ్రష్షులుంటాయి చూడండి, అలాంటివి తన పళ్లకీ కొన్నాడు. తిన్న ప్రతిసారీ తోముడే. మా వదిన అనేది, నా వంక ఒక్కరోజైనా అంత శ్రద్ధగా చూశావా అని."

"ఎక్స్‌రే తీస్తాం. లోపలికి పోలేదని తెలిస్తే సాయంత్రం వార్డుకి పంపిస్తాం."

"పోయుంటే?"

"చూద్దాం అమ్మా," అంది హెడ్ సిస్టర్. చూద్దాం అన్నది ఆస్పత్రిలో భయపడినప్పుడు వాడే మాట అని ఆ చెల్లెలికి ఆరు రోజుల్లో అర్థమైనట్టే ఉంది. సంచీ పట్టీలు రెండుచేతులా పట్టుకుంది.

లోపలికి వచ్చేసరికి చిన్న సిస్టరూ ఆయాలూ కలిసి పేషెంటుని పక్కకి తిప్పుతున్నారు, వీపు తుడిచే వేళ. "దొరికింది!" అని అరిచింది చిన్న సిస్టర్. "దొరికింది మేడమ్, దుప్పటి మడతలో, భుజం కింద!" అందరి ఊపిరీ ఒక్కసారే వదిలినట్టయింది, ఏసీ చప్పుడు కూడా మారింది. డ్యూటీ డాక్టరు వచ్చి ట్రేలో చూశాడు. కుర్రవాడు, ముప్పై ఆరు గంటలుగా నిద్రలేదు, పన్నుని చూసి చంటిపిల్లాడిలా నవ్వాడు. "హమ్మయ్య. ఎక్స్‌రే వద్దని చెప్పెయ్యండి, పైన ఇంకో ఇద్దరికి కావాలంటున్నారు. సాయంత్రం వార్డుకి మార్చేద్దాం." చిన్న సిస్టర్ ఫోను చెవికి ఆనించుకుంది, అటువైపు మోగుతోంది, ఎవరూ తియ్యట్లేదు. మోగుతుంటేనే రెండోచేత్తో టేబులు మీది గ్లాసు చూపించింది, మెచ్చుకుంటారన్న ఆశతో. "మళ్లీ పెట్టొచ్చేమోనని డాక్టరుగారు చూడగానే సెలైన్లో వేశాను మేడమ్. మీరే చెప్పారు క్లాసులో."

గాజు గ్లాసు. అడుగున పన్ను, ఉన్నదానికన్నా పెద్దగా. హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్లింది, ఎందుకు వెళ్తోందో తెలియకుండానే, క్లాసులో దవడల బీరువా తెరిచేటప్పుడు వెళ్లినట్టు. పన్ను మెడ చుట్టూ గోధుమరంగు గార, పొరల మీద పొరలు, మందంగా, ఏళ్లతరబడి టీ తాగిన నోటిలో పెరిగే గార. కిందంతా బోసిగా సాగిన వేరు, చిగురు ఎప్పుడో దిగజారి వదిలేసిన వేరు. ఇది దెబ్బకి ఊడిన పన్ను కాదు. దెబ్బకి ఊడిన పన్ను ఆశ్చర్యపోయినట్టు ఉంటుంది, ఇది తీరిగ్గా నడుచుకుంటూ వచ్చినట్టుంది. ఆరు రోజుల్లో పద్దెనిమిదిసార్లు ఆమె ఆయన నోరు తుడిచింది. ప్రతి పన్నూ తెలుసు, వెనక వరసలో ఒకటి సిమెంటు పెట్టినది, మిగిలినవన్నీ గడియారం చక్రాల్లా మెరిసేవి, ఒక్క పంటి మీదా గార లేదు, లేదు, లేనే లేదు. అప్పుడు ఆమె నాలుక, ఎవరూ పంపకుండానే, బయల్దేరింది. జెల్లీ పట్టు సడలుతోంది. మెల్లగా, చీకటిగదిలో గోడ పట్టుకుని నడిచినట్టు పై వరస దాటి, కింది వరస మొదలుపెట్టి, ఒకటి, రెండు, మూడు, ముందు పన్ను దగ్గరికి వచ్చాక అడుగు వెయ్యడానికి మెట్టు లేదు. మెత్తటి గుంట. ఇనుము రుచి. వేలు. తను మాస్కు దించి నోరు తెరిచిన ఒకటిన్నర నుంచీ ఆయన వేలు.

ఫోను ఇంకా మోగుతోంది. ఇద్దరికీ ఒకే పన్ను పోయింది, ఒకటి గ్లాసులో ఉంది, రెండోది ఎక్కడుందో ఊహించగలిగింది ఆమె ఒక్కతే. "ఎందుకైనా మంచిది డాక్టర్, ఒక ఎక్స్‌రే తీయిద్దాం," అంది, వీలైనంత మామూలుగా. "పన్ను ఎదురుగా పెట్టుకుని ఎక్స్‌రే ఎందుకు సిస్టర్? ఆయనకి పోయింది ఎన్ని?" "ఒకటే." "మనకి దొరికింది?" "ఒకటి." "మరి?" అన్నాడు, కాళ్లు అప్పుడే తన గది వైపు తిరిగాయి. లెక్క సరిపోయింది. లెక్క సరిపోయినప్పుడు ఎవరూ లోపలికి చూడరు, చక్కటి టిక్కు పెట్టుకుని వెళ్లిపోతారు. ఆమె కూడా వెళ్లిపోవచ్చు. నాలుగు రోజులకి వార్డులో ఆయనకి జ్వరం వస్తుంది, దగ్గు వస్తుంది, ఆరు రోజులు గొట్టం మీద ఉన్న మనిషికి రాకుండా ఉంటుందా అనుకుంటారు. ఈలోపు ఆమె ఏదో ఊళ్లో ఏదో డాక్టరు దగ్గర కట్టుడు పన్ను పెట్టించుకుంటుంది, నవ్వుతుంది, వాళ్లాయన తన జోకులు ఫలించాయనుకుంటాడు. పళ్ల మేడమ్ పళ్ల మేడమ్‌గానే ఉంటుంది. బీరువాలో దవడలు మాత్రం ఇటువైపే తిరిగి ఉంటాయి. "హలో, ఎక్స్‌రేనా అండీ?" అంది చిన్న సిస్టర్ ఫోన్లో. "ఏడో బెడ్..."

"ఫోను పెట్టెయ్," అంది హెడ్ సిస్టర్. "అది ఆయన పన్ను కాదు."

డాక్టరు వెనక్కి తిరిగాడు. ఆమె మాస్కు చెవుల దగ్గర ముడి విప్పింది, రెండువైపులా, తాపీగా, మాస్కు కాకుండా మొహమే విప్పుతున్నట్టు. మాస్కు లోపలివైపు గడ్డం దగ్గర నాణెమంత ఎరుపు. టార్చి తీసి డాక్టరు చేతిలో పెట్టింది, తలెత్తి నోరు తెరిచింది. "ఆ..." మంచం మీద గడియారాలాయన కూడా, అది తనకే చెప్పినట్టు, నోరు తెరిచాడు. ఐసీయూలో వెలుగు తెల్లగా, నీడ లేకుండా ఉంది, రెండు నోళ్లు ఎదురెదురుగా తెరుచుకుని ఉన్నాయి, రెండింటిలో ఒకే చోట ఒకే గుంట, అద్దం లేకుండానే అద్దం. డాక్టరు టార్చి అటు వేశాడు, ఇటు వేశాడు, మళ్లీ అటు వేశాడు. పళ్ల మేడమ్ నోట్లో ఏముందో అందరూ చూశారు. అప్పుడు, ఆరు రోజుల తర్వాత మొదటి మాట ఏడో బెడ్ మీంచి వచ్చింది, ఇసుక రాలినట్టు.

"ఇందాకట్నుంచీ... చెప్తూనే... ఉన్నా."

రెండూ యాభైకి ఎక్స్‌రే మిషన్ చక్రాలు కీచుమంటూ వచ్చింది. బొమ్మ తెరమీద పడింది, పక్కటెముకల వరస, గుండె నీడ, కుడివైపు కింద, ఊపిరి గొట్టాలు చీలే చోట, బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దగా, తెల్లగా, తోమి పెట్టినట్టుగా శుభ్రంగా ఆయన పన్ను. డాక్టరు అప్పటికే ఫోను దగ్గరున్నాడు, లోపలికి గొట్టం వేసి తీసేవాళ్లని పిలుస్తున్నాడు, ఇవాళే, ఇప్పుడే, తాజాగా ఉంది కాబట్టి సులువుగా వచ్చేస్తుందంటున్నాడు. హెడ్ సిస్టర్ చార్టు తీసి నిన్నటి గడి పక్కన ఇవాళ్టి టైము వేసి రాసింది: కింది ముందు పన్ను కదలడం నిన్ననే చూశాను, రాయలేదు. సంతకం పెట్టింది. చేతిరాత బాగా రాలేదు.

ఎక్స్‌రే అతను తీగలు చుట్టుకుంటూ టేబులు మీది గ్లాసు చూశాడు. నీళ్లల్లో ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తున్నది చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇదెవరిది సిస్టర్?"

"నాదే," అంది. సందులోంచి గాలి దూసుకొచ్చి మాటలో కలిసింది. అది అమ్మ గొంతు.